నాలుగు గింజల కాయ

పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి ఎవరూ అనలేదు.

ఎర్రమల కొండ మీద ఆకాశాన్ని గమనించే కటక కేంద్రంలో అది మధ్యాహ్నం భోజనాల వేళ. బల్లకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు తలలు వంచుకుని తింటున్నారు. ఒకాయన మజ్జిగ రెండు గరిటెలు ఎక్కువ పోయించుకున్నాడు. ఒకామె అన్నం మారు పెట్టించుకుని, పప్పును మాత్రం కంచం అంచుకు నెట్టింది. వంటమనిషి తలుపు దగ్గర నిలబడి అందరి మొహాలూ చూస్తోంది. ఆ పూట వంట ఎలా ఉందో ఎవరికి వాళ్లు సాయంత్రంలోగా గుట్టుపెట్టెకు చెప్పాలి. అందరూ చెప్పాక పెట్టె తెరుచుకుంటుంది. ఈలోగా ఉప్పు గురించి ఎవరైనా నోరెత్తితే వాళ్ల మాట లెక్కలోంచి పోతుంది. ఒకరి మాట ఇంకొకరి నాలుకను చెడగొట్టకూడదు కదా.

ఓబుళమ్మ ఆ పప్పునే కలుపుకుని తింది. ఉప్పును తప్పించుకుని తినే ఓపిక కూడా ఆమెకు లేదు.

గుట్టుపెట్టె పుట్టింది ఈ కొండ మీదే. విశ్వం ఎంత వేగంగా సాగిపోతోందో కొలిచేవాళ్లకు ఒకప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఒక పక్షం అరవై ఏడు అనేది, ఇంకో పక్షం డెబ్బై మూడు అనేది. ప్రతి ముప్పై మూడు లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ సెకనుకు అన్ని కిలోమీటర్ల చొప్పున విశ్వం సాగుతోందని వాళ్ల మాట. ఏ పక్షంవాళ్లు కొలిచినా ఆ పక్షం సంఖ్యే వచ్చేది. ఎవరూ అబద్ధమాడలేదు. తాము అనుకున్న సంఖ్య కనబడగానే తప్పులు వెతకడం ఆపేసేవాళ్లు, అంతే. చక్కెర డబ్బాలోకి చీమ దూరినట్టు కోరిక లెక్కలోకి దూరేది. అందుకని ఈ కేంద్రంలోనే పనిచేసే దస్తగిరి సారు ఒక పెట్టె చేశారు. లెక్కంతా దాని లోపలే జరుగుతుంది. చివరి సంఖ్య ఎవరికీ కనబడదు. పని చేసినవాళ్లందరూ 'ఇక మా లెక్కలో మార్చేది ఏమీ లేదు' అని అరచెయ్యి ఆనిస్తేనే తెరుచుకుంటుంది. తెరిచాక వచ్చిన సంఖ్యను ఎవరూ ముట్టుకోకూడదు.

పద్ధతి బాగుందని కోర్టులు తీసుకున్నాయి. తర్వాత బడులు, ఆసుపత్రులు, పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లు. మంచే జరిగింది. తీర్పుల మీద సిఫారసులు పోయాయి, పరీక్షల్లో కులం చూసి మార్కులు వేయడం పోయింది. మనిషి మనిషి చేతికీ సాక్షికడియం వచ్చింది. మూసి ఉన్న పెట్టె గురించి ఎవరైనా తమ ఊహను పైకి అంటే కడియం వింటుంది. ఆ పెట్టెకు సంబంధించినంత వరకు ఆ మనిషి ఇక లేనట్టే. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు అపేక్షాదోషం. జనం నోటిమైల అంటారు. ఏ మాట ఏ పెట్టెకు తగులుతుందో ఎవరు గుర్తు పెట్టుకుంటారు? మెల్లగా మనుషులు ఊహించి మాట్లాడడమే మానేశారు. కడుపుతో ఉన్న పిల్లను చూసి ఆడపిల్లో మగపిల్లాడో అనేవాళ్లు లేరు. మబ్బు పట్టినా వాన పడేట్టుంది అనేవాళ్లు లేరు.

భోజనాలయ్యాక ఒప్పుకోలు సభ. బల్ల మీద నల్లటి పెట్టె, పోపులడబ్బా కంటే పెద్దది కాదు. గోడ మీద ఎప్పటి బొమ్మే. మధ్యలో మసకగా ఒక గెలాక్సీ, దాని చుట్టూ నాలుగు వెలుగు చుక్కలు. నిజానికి ఆ నాలుగూ ఒకటే దీపం. గెలాక్సీకి చాలా వెనక, చాలా దూరాన ఉన్న ఒక క్వేజార్. దాని వెలుగు వస్తూ వస్తూ గెలాక్సీ బరువుకు వంగి, కొండకు అటూ ఇటూ తిరిగి వచ్చే బస్సుల్లాగా నాలుగు దారుల్లో వస్తుంది. దీపం ఒకసారి రెపరెపలాడితే ఆ రెపరెప ముందు ఒక చుక్కలో, కొన్నాళ్లకు ఇంకో చుక్కలో కనిపిస్తుంది. ఏ బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిస్తే దారుల పొడవు తెలుస్తుంది. దారుల పొడవు తెలిస్తే విశ్వం సాగే వేగం తెలుస్తుంది. ఈ చుక్కల గుంపుకు కాగితాల మీద పొడుగాటి అంకెల పేరు ఉంది. వేరుశనగ చేలో ఎప్పుడో ఒకటి దొరికే నాలుగు గింజల కాయలా ఉందని దస్తగిరి సారు అన్నప్పటి నుంచి కొండ మీద అందరూ దాన్ని కాయ అనే అంటారు.

ఓబుళమ్మ ఈ కొండ ఎక్కింది చదువు ముగియగానే. అప్పటి నుంచీ కాయ తప్ప ఆమెకు వేరే పని లేదు.

కేంద్రం పెద్ద తిక్కస్వామి పెట్టెను ఒక్కొక్కరి ముందుకు జరుపుతూ వచ్చాడు. ఒక్కొక్కరే అరచెయ్యి ఆనించారు. ఆయన తన చెయ్యి పెట్టి, పెట్టెను ఓబుళమ్మ ముందుకు తోశాడు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"మళ్లీనా?" అన్నాడు.

"కాయకు ఎడమ పక్కన చిన్న గెలాక్సీల గుంపు ఉంది స్వామన్నా. దాని బరువు మనం సరిగా తూచలేదు. పలచగా, సమంగా పరుచుకున్న బరువైతే బొమ్మలో ఏమీ తెలియదు. నాలుగు చుక్కలూ ఉన్నచోటే ఉంటాయి. సంఖ్య మాత్రం మారిపోతుంది. ఇంకో చలికాలం చూద్దాం."

"పోయిన చలికాలమూ ఇదే అన్నావు."

"అప్పుడు దుమ్ము గురించి అన్నాను. అది తేలిపోయింది."

"ఇప్పుడు బరువు. వచ్చే ఏడు ఇంకేముంటాదో."

"పెట్టె తెరిస్తే తెలుస్తాది," అన్నారు బల్ల చివరి నుంచి ఎవరో. అందరూ నీరసంగా నవ్వారు. ఓబుళమ్మ కూడా నవ్వింది. కుర్చీలు జరిగాయి.

వసారాలో తిక్కస్వామి ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. "సారును చూసి వచ్చినావా ఈ మధ్య?"

"లేదన్నా."

"చూసి రా. బాగ లేదు. నేను ఇంకేమీ అనడం లేదు." తన కడియాన్ని ఒకసారి చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

దస్తగిరి సారు ఇల్లు కొండ కింద బేతంచెర్లలో. ఆ మధ్యాహ్నమే బయల్దేరింది. బస్సు కొండ దిగుతుంటే పడమట మబ్బు కనిపించింది. కిటికీ పక్కన కూర్చున్న రైతు దాన్ని చూశాడు, తన చేతి కడియాన్ని చూశాడు, మళ్లీ ముందు సీటు వెనకభాగాన్ని చూస్తూ కూర్చున్నాడు.

సారు భార్య హుసేనమ్మ వసారాలో నాపబండల మీద కాళ్లు చాపుకుని విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తోంది. పక్కన చిన్న తెల్లటి పెట్టె, దాని మీద కాయల చేట.

"రా పాపా. కూచో. ఆ చేట ఇట్ల లాగు."

"ఇదేంటమ్మా?"

"ఆస్పత్రోళ్లు ఇచ్చిపోయినారు. ఆయన ఎన్నాళ్లుంటాడో అందులో ఉండాదంట. ఇంట్లో వాళ్లం చెయ్యి పెడితే తెరుచుకుంటాదంట. చేట పెట్టుకోను ఎత్తు సరిపోయింది." ఆమె మణికట్టు బోసిగా ఉండడం ఓబుళమ్మ చూసింది. "నా కడియమా? చెయ్యి వాచి పట్టలేదు. ఉప్పుజాడీ మీద పెట్టినా. పో, లోపల మెలకువగానే ఉండాడు."

సారు మంచం కిటికీ దగ్గర ఉంది. మనిషి మంచంలో సగమైపోయాడు. కళ్లు మాత్రం బొమ్మలో తప్పు వెతికేటప్పటి కళ్లే.

"సభ జరిగిందా?"

"జరిగింది సార్."

"నువ్వు చెయ్యి పెట్టలేదు."

"ఎవరు చెప్పారు?"

"పెట్టి ఉంటే ఈపాటికి వీధిలో అరుస్తా ఉంటారు కదా. ఏంది, పలచని బరువా?"

ఆమె తలూపింది. ఎడమ పక్క గుంపు గురించి చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు. రెండూ సరైన ప్రశ్నలే.

"చెయ్యి పెట్టకపోవడమే మంచిది," అన్నాడు చివరికి. "నా కోసమని పెట్టేవు. ఆ పని చెయ్యొద్దు."

"ఇంకో చలికాలం కావాలి సార్."

"నాకు లేదులే అంత. తెలుసు." అదేదో బస్సు తప్పిపోయినట్టు మామూలుగా అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మేము కుర్రోళ్లుగా ఉన్నప్పుడు ఈ సంఖ్య మీద పందేలు కాసేవాళ్లం. ఓడినోడు కోడిపులావు పెట్టాల. కొండంతా రెండు జట్లు. పొద్దున లేస్తే అదే పోట్లాట. అప్పుడు రేయింబవళ్లు పని చేసినా అలుపుండేది కాదు. నీకు ఎంతనిపిస్తాది పాపా?"

ఓబుళమ్మ దుప్పటి కొస సర్దింది.

గుమ్మంలోంచి హుసేనమ్మ అంది, "చెప్పు మే. దినమూ ఇదే అడుగుతాండాడు. నన్ను గూడా అడిగినాడు. నేను నూటపదహార్లు అన్నా."

"నోరు మూసుకోవే. పాపకు నోటిమైల అయితాది." ఆయన గొంతు తగ్గింది. "తప్పు అడిగినా. జబ్బు పడినప్పుడు నా కడియం తీసేసినారు, శానా ఏళ్లయింది, మరిచిపోయినా. వద్దులే."

ఆమె కడియానికి భయపడి ఊరుకోలేదు. సారు అడగగానే ఆమె తన లోపల వెతికి చూసుకుంది. ఎవరికీ వినబడని చోట, మనసులోనైనా, ఒక సంఖ్య ఉండాలి కదా. ఏమీ తగల్లేదు. కాయలోని ప్రతి చుక్క వెలుగూ, ప్రతి రెపరెపా ఆమెకు తెలుసు. ఆ సంఖ్య ఎంతైతే బాగుంటుందో మాత్రం ఆమె ఏ రోజూ అనుకోలేదు. అనుకోకుండా ఉండడమే పని అని నేర్చుకుంది. మొదట్లో కష్టపడి నేర్చుకుంది. తర్వాత కష్టమే లేకుండా పోయింది. ఈ అలసట పని వల్ల వచ్చిందనే ఇన్నాళ్లూ అనుకుంది.

"నిద్రపోండి సార్," అని లేచి వసారాలోకి వచ్చింది.

హుసేనమ్మ చేటలోంచి ఒక కాయ తీసి ఆమె ముందు పట్టుకుంది. "దీంట్లో ఎన్ని?"

"ఏంటమ్మా?"

"గింజలు మే. ఒలవకముందే చెప్పాల. మేము చిన్నప్పుడు ఇట్లే ఒలిచేవాళ్లం. లేకుంటే ఇంత రాశి ఎవరు ఒలుస్తారు, నిద్ర రాదూ?"

ఓబుళమ్మ కాయను చూసింది. మధ్యలో ఒక నొక్కు ఉంది. "ఒలిచి చూస్తే తెలుస్తుంది కదా."

"ఒలిచినాక చెప్పనీకి నువ్వెందుకు?"

ఆ మాటకు ఓబుళమ్మకు నవ్వు వచ్చింది. "రెండు," అంది.

టప్పుమంది కాయ. ఒక్కటే గింజ, పక్కన ఎండి ముడుచుకుపోయిన పొట్టు. హుసేనమ్మ మురిసిపోయింది. "ఇంత చదువు చదివినావు." ఇంకొకటి తీసింది. ఓబుళమ్మ మూడు అంది, రెండే వచ్చాయి. ఇంకొకటి. తప్పు. ఇంకొకటి ఒప్పు. కడియం ఉలకలేదు, పలకలేదు. వేరుశనగకాయలకు ఎవరూ పెట్టె పెట్టలేదు. కాయ పగిలే ముందు తన ఊపిరి ఒక్క క్షణం ఆగుతోందని ఓబుళమ్మ గమనించింది. ఆ చిన్న ఆగడం ఆమె ఎరిగినదే. కొండ ఎక్కిన మొదటి ఏడు, చుక్కలో వెలుగు పెరుగుతున్నప్పుడు అలా ఆగేది.

ఎండ గోడ మీదికి ఎక్కేవరకు ఒలిచారు. తర్వాత ఆమె చేతులు దులుపుకుని లోపలికి వెళ్లింది. నోటిమైల అయితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. నాలుగు చుక్కల కాయ లెక్కల మీద ఆమె పేరు ఉండదు. కొండ మీదికి ఆమెను రానివ్వరు. పెట్టెలో ఆమె పెట్టిన అనుమానం కూడా ఆమెతోనే చెరిగిపోతుంది. మిగిలినవాళ్లంతా చెయ్యి పెట్టేశారు కాబట్టి, ఒక రోజు గడువు చూసి పెట్టె తనంతట తానే తెరుచుకుంటుంది. అన్నిటికంటే అదే ఆమెను గుమ్మం దగ్గర కాసేపు నిలబెట్టింది.

సారు కళ్లు తెరిచి చూశాడు.

"డెబ్బై," అంది ఓబుళమ్మ.

కడియం సన్నగా వేడెక్కింది. దాని మీద ఎప్పుడూ వెలిగే పచ్చగీత ఆరిపోయింది. అంతే.

ముసలాయన ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు. "డెబ్బై ఎందుకు?"

"గుండ్రంగా ఉంటుంది సార్. ఊళ్లో ఎవరైనా అడిగితే చెప్పడం తేలిక."

ఆయనకు నవ్వు వచ్చింది, నవ్వు వెంట దగ్గు వచ్చింది. హుసేనమ్మ వచ్చి వీపు నిమిరింది. దగ్గు తగ్గాక ఆయన అన్నాడు, "పిచ్చిదానా. నీ అనుమానం నిజమైతే సంఖ్య తగ్గుతాది. డెబ్బై దాకా ఉండాలని మనసులో పెట్టుకుని, తగ్గించే అనుమానం పట్టుకుని కూచున్నావు ఇన్నాళ్లు."

"ఇన్నాళ్లు లేదు సార్. ఇప్పుడే తెలిసింది. రెండూ ఉన్నాయి."

"ఉంటాయి. ఉండాల." ఆయన చెయ్యి దుప్పటి మీద కదిలింది. "నాది అరవై ఏడు. కోడిపులావు. మాట తప్పకూడదు."

"తప్పను."

"నా కాడ చేయించుకుంటావేమో ఆ పులావు," అంది హుసేనమ్మ. "ఎవరు ఓడినా వండేది నేనే కదా."

మర్నాడు ఓబుళమ్మ కొండ గేటు దగ్గరికి వెళ్లింది, తన సామాను తెచ్చుకోవడానికి. లోపలికి పోనివ్వలేదు. తిక్కస్వామే ఆమె సంచీ, చెప్పులు, నీళ్ల సీసా పట్టుకుని బయటికి వచ్చాడు. మనిషి సరిగా నిద్రపోయినట్టు లేడు.

"పెట్టె ఎప్పుడు తెరుచుకుంటుంది స్వామన్నా?"

"తెరుచుకోదు. పొద్దున నా చెయ్యి వెనక్కి తీసుకున్నా."

ఆమె సంచీ అందుకోవడం మరిచిపోయింది.

"ఆ ఎడమ పక్క గుంపు మీద నాకూ ముందు నుంచీ అనుమానమే," అన్నాడు ఆయన, నేలకేసి చూస్తూ. "నువ్వు అంటావులే అని ఊరుకునేవాణ్ణి. ప్రతి ఏడూ నువ్వే అంటావు, మేము విసుక్కుంటాం, అట్ల జరిగిపోతా ఉండె. నిన్న నీ గీత ఆరిపోయిందని తెలిసినాక చూస్తే, అనేదానికి ఎవరూ లేరు." సంచీ ఆమె భుజానికి తానే తగిలించాడు. "ఇంకో చలికాలం చూస్తాం. ఇప్పుడు అందరూ నన్ను తిడతాండారు."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నిన్న పప్పులో ఉప్పు ఎక్కువైంది కదా?"

"చాలా," అంది ఓబుళమ్మ.

ఆ వానాకాలం సగంలో దస్తగిరి సారు పోయారు. హుసేనమ్మ ఆస్పత్రివాళ్ల పెట్టె తెరవకుండానే తిరిగి ఇచ్చేసింది. ఎత్తుకు ఇంకో పీట వెతుక్కోవలసి వచ్చిందని విసుక్కుంది. ఓబుళమ్మ బేతంచెర్ల హైస్కూలులో లెక్కలు చెప్పే పనిలో చేరింది. జవాబు చెప్పమని ఆమె అడిగితే పిల్లలు కడియం కేసి చూసుకునేవాళ్లు. ఆమె ఒక్కొక్కరి చేతిలో ఒక కాయ పెట్టి, ఒలవకముందు చెప్పమనేది. మొదటి వారం ఎవరూ చెప్పలేదు.

చలికాలం పోయింది. ఇంకో చలికాలం కూడా పోయింది. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే, బస్సులో పైన ఉన్న తెర మీద నాలుగు చుక్కల బొమ్మ కనిపించింది. కటక కేంద్రంలో పెట్టె తెరిచారు. విశ్వం సాగే వేగం అరవై ఎనిమిది. తిక్కస్వామి మొహం ఒక్క క్షణం కనిపించింది. పక్కన పనిచేసినవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. తమ ఊరిది కాని రైలు వెళ్లిపోతుంటే చూస్తున్నవాళ్లలాగా ఉన్నారు. మనుషులు ఆ సంఖ్యను వెతకడం మొదలుపెట్టి ఎన్ని తరాలైందో. వచ్చింది, ఎవరూ దానికి ఎదురు వెళ్లలేదు. బస్సులో ఒకాయన తలెత్తి చూసి, "అట్లనా," అని తల దించుకున్నాడు. తెర మీద ఇంకేదో వచ్చింది.

ఓబుళమ్మ మాత్రం కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. అరవై ఎనిమిదికి ఇటు డెబ్బై, అటు అరవై ఏడు. అనుమానం లేదు, ఓడిపోయింది. అయినా పెదవులు నవ్వుతున్నాయి. ముందు స్టాపులోనే దిగి, సంత వెనక కోళ్ల అంగడికి నడిచింది.

హుసేనమ్మ ఆమె చేతిలో కాళ్లు కట్టిన కోడిని చూసింది, తర్వాత మొహాన్ని చూసింది.

"ఎంతొచ్చింది?"

"అరవై ఎనిమిది. సారు గెలిచినారు."

ముసలామె కోడిని అందుకుంది. లోపలికి వెళ్లి, అటక మీది పెద్ద డేగిసా దించమని పిలిచింది. మంచం ఉన్న చోటు ఖాళీగా ఉంది. కిటికీ తెరిచే ఉంది. హుసేనమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు పడమటి వైపు చూసింది.

"పొయ్యి లోపలే పెట్టుకుందాం పాపా," అంది. "వాన పడేట్లుండాది."

ఓబుళమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడి మబ్బును చూసింది. "పడదమ్మా," అంది.

"ఏం పందెం?" అంది హుసేనమ్మ.